నాలుగో రాడ్డు

బెంజి ఇంజను ట్రాలీ ఆటోలో వచ్చింది. దాని వెనకే సుమోలో శ్రీకృష్ణ వచ్చాడు.

2004 ఫిబ్రవరి. మిర్చి యార్డు నిండిపోయి గుంటూరు ఊరు ఊరంతా తుమ్ముతున్న రోజులు. ఆటోనగర్లో తన షెడ్డు ముందు ముక్కుకి తువ్వాలు కట్టుకుని నిలబడ్డ చెంచయ్య, గోనెపట్టాల మీద పడుకున్న ఆ ఇంజన్ని చూశాడు. అది ఎందుకొచ్చిందో చూడగానే అర్థమైంది.

"చెన్నై పుదుపేట పాత సామాన్ల బజార్లో పట్టాను," అన్నాడు శ్రీకృష్ణ సుమో దిగుతూ. "జర్మనీ సరుకు. దీన్ని నా బండిలో పెట్టెయ్ చెంచయ్యా."

శ్రీకృష్ణది ఒంగోలు. చీమకుర్తి దగ్గర గ్రానైట్ క్వారీ ఉంది. ఆ నల్లరాయి జపాను పోతుంది. రాయి కొనే జపాను ఆసామి ముచ్చటపడి ఎనిమిదేళ్ల కిందట ఓడలో పంపించిన కారే ఆ బండి. ఎర్ర రంగు, రెండే సీట్లు, నేలకి జానెడెత్తు. మూడేళ్లుగా అది షెడ్డు మూలన టార్పాలిన్ కింద పడి ఉంది. దాని పక్కనే, మిరపకాయల గోతాలు కప్పుకుని, దాని పాత ఇంజను. పక్కన చెయ్యి దూరేంత చిల్లి పడిన ఇంజను.

"వచ్చే నెల పద్నాలుగున ఆయనే వస్తున్నాడు క్వారీ చూడ్డానికి. నేను పంపిన కారు ఏదయ్యా అంటే ఏం చెప్పను? గన్నవరంలో ఆయన్ని దాంట్లోనే ఎక్కించుకోవాలి."

"జపాను బండిలో జర్మనీ ఇంజను పెడితే ఆయన పట్టెయ్యడా బాబూ?"

"బానెట్ ఎత్తకపోతే సరి. పెళ్లికూతురి ముసుగు దారిలో ఎవడన్నా ఎత్తి చూస్తాడా?"

చెంచయ్య నవ్వలేదు. "ఇంజను వెనక మూతి ఒక తీరు, గేరుబాక్సు మూతి ఇంకో తీరు. మధ్యలో ప్లేటు తిప్పి కలపాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా నెల తిరక్కుండా గేరుబాక్సు పిండైపోతుంది. అట్లాంటి ప్లేటు తిప్పే చెయ్యి..." అని ఆగిపోయాడు.

"బుడే చెయ్యి," అన్నాడు శ్రీకృష్ణ.

ఆ పేరు ఆ షెడ్డులో మూడేళ్ల మూడు నెలలుగా ఎవరూ ఎత్తలేదు.

"పిడుగురాళ్లలో సున్నపు బట్టీలో ఉన్నాడట. తీసుకురా. నీకూ వాడికీ ఏమున్నా బండి తిరిగాక చూసుకోండి. పోయింది నీ తమ్ముడే, కాదన్ను. నా డ్రైవరు కూడా కదయ్యా."

శ్రీకృష్ణ వెళ్లిపోయాడు. చెంచయ్య షెడ్డు బోర్డు వైపు చూశాడు. 'సి.బి. మోటార్స్' అని ఒకప్పుడు రాయించిన బోర్డు. 'బి' మీద తనే పెయింటు కొట్టేశాడు. ఎండ పడినప్పుడు ఆ అక్షరం పెయింటు కింద నుంచి ఉబ్బి కనిపిస్తూనే ఉంటుంది.

కాదు పొమ్మనొచ్చు. కానీ చెంచయ్యకి ఒకటి కావాలి. ఇన్నేళ్లుగా అన్నం ముందు కూర్చున్నా, మూడేళ్ల కూతురు నవ్వినా, లోపల ఒకటే ప్రశ్న తొలుస్తోంది. ఇరవై ఏళ్లలో ఒక్క బోల్టు వదలని చెయ్యి, ఆ ఒక్క బోల్టు ఎట్లా వదిలింది? ఆ ప్రశ్నకి జవాబు బుడే నోటి నుంచి రావాలి. అదీ అమ్మ ముందు.

మర్నాడు పొద్దున్నే పిడుగురాళ్ల బస్సెక్కాడు.

* * *

చెంచయ్య, బుడే పాతగుంటూరులో నన్నే సాహెబ్ అనే మేస్త్రీ షెడ్డులో ఒకే ఏడు పానా పట్టుకున్నారు. సాహెబ్ కాలం చేశాక ఆటోనగర్లో సొంత షెడ్డు పెట్టుకున్నారు. బుడే లేత్ మిషను మీద, చెంచయ్య ఇంజను మీద.

నన్నే సాహెబ్ షెడ్డుకి ఒక కట్టుబాటు ఉండేది. ఇంజను లోపల పిస్టన్ని పట్టుకుని తిరిగే కనెక్టింగ్ రాడ్డు బోల్టులు ఎవరు బిగిస్తే వాళ్లు, పూర్తిగా బిగించాక, ఆ రాడ్డు అడుగున మూతలా పట్టే క్యాపు మీద, మొనదేలిన తమ సెంటర్ పంచ్‌తో ఒక్క దెబ్బ కొట్టాలి. ఒకరి పంచ్ ఇంకొకరు ముట్టకూడదు. బుడే పంచ్ నిండు చుక్క పెట్టేది. చెంచయ్య పంచ్ కొన విరిగింది, నెలవంక లాంటి గాటు పెట్టేది.

"సాయిబుని నేనైతే నెలవంక నీకెట్లా వచ్చిందిరా?" అని బుడే ఏడిపించేవాడు.

చెంచయ్యకి ఒక పాడు అలవాటు. పని తెమలాలని క్యాపులన్నీ బల్ల మీద వరసగా పేర్చి, బిగించకముందే గుర్తులు కొట్టేసేవాడు. ఓసారి నన్నే సాహెబ్ చూసి వీపు మీద ఫెడీమని ఒకటిచ్చాడు. "గుర్తు ఉందంటే పని అయిపోయిందనిరా గాడిదా! నీ తర్వాత చెయ్యి పెట్టేవాడు దాన్నే నమ్ముతాడు." ఆ దెబ్బకి మానేశానని చెంచయ్య నమ్మకం.

2000 నవంబరులో శ్రీకృష్ణ కారు ఇంజను పూర్తిగా విప్పి బిగించారు. నాలుగు రాడ్లలో మూడు బిగించేసరికి పక్క షాపు వాళ్లు ఫోను వచ్చిందని కేకేశారు. భార్య సౌజన్యకి నొప్పులొచ్చాయి, ఆస్పత్రికి తీసుకెళుతున్నారని. చెంచయ్య చేతులైనా కడుక్కోకుండా పరిగెత్తాడు. సాయంత్రానికి తేజశ్రీ పుట్టింది. నాలుగు రోజులు షెడ్డు మొహం చూడలేదు.

మిగతా పని బుడే చేశాడు. తొమ్మిదో రోజున చెంచయ్య తమ్ముడు కోటేష్, ఇరవై నాలుగేళ్లవాడు, కారు తీసుకుని ఒంగోలు బయల్దేరాడు. "పాపకి అంత పెద్ద గాలిబుడగ తెస్తా వదినా," అని చేతులు చాపి చూపించి మరీ వెళ్లాడు.

మార్టూరు దాటాక నాలుగో రాడ్డు విరిగి ఇంజను పక్కనించి బయటికి తన్నింది. ఆయిలు వెనక చక్రాల మీద చిమ్మింది. కారు గిర్రున తిరిగి పత్తిచేలోకి పల్టీ కొట్టింది. మెత్తటి నల్లరేగడి, కారుకి సొట్టలు తప్ప ఏం కాలేదు. తలుపు తెరుచుకుని కోటేష్ మాత్రం బయట పడ్డాడు. కారు అతని మీదుగా దొర్లి అవతల పడింది. విచ్చిన పత్తికాయల మధ్య వాణ్ణి వెతకడానికే పావుగంట పట్టిందట.

ఆ చేలోనే చెంచయ్య బుడే చొక్కా పట్టుకున్నాడు. "నాలుగోది నేను బిగించలేదురా! బిగించకుండానే పరిగెత్తా! గుర్తు లేదుగా దాని మీద! చూడలేదా నువ్వు?"

బుడే నోరు తెరిచాడు. ఏదో అనబోయాడు. చెంచయ్య మొహంలోకి ఒక్క నిమిషం చూశాడు. నోరు మూసుకున్నాడు. మళ్లీ తెరిచినప్పుడు గొంతు మారిపోయింది.

"చూశా. నేనే బిగించా. సరిగా బిగించలేదు."

అంతే. మర్నాటినించి షెడ్డులో బుడే లేడు.

* * *

పిడుగురాళ్ల బట్టీల దగ్గర చెట్లూ మనుషులూ ఒకే రంగు. చెంచయ్య ముగ్గురు తెల్లటి మనుషుల్ని దాటి నాలుగో తెల్లటి మనిషి దగ్గర ఆగాడు. ఆ దగ్గుని ఎక్కడైనా గుర్తుపడతాడు.

బుడే తలెత్తాడు. కనుబొమల మీద సున్నం. నలభై రెండేళ్లకే ముసలాడిలా ఉన్నాడు.

"పాప బాగుందా?" అన్నాడు మొదటి మాటగా.

"నీకెందుకు?"

"సరే. ఎందుకొచ్చావో చెప్పు."

చెంచయ్య చెప్పాడు. బెంజి ఇంజను, జపాను గేరుబాక్సు, మధ్యలో ప్లేటు. బుడే కళ్లు ఒక్క క్షణం పాత బుడే కళ్లయ్యాయి. సున్నపు వేలితో నేల మీద గుండ్రం గీశాడు, దాని చుట్టూ బోల్టు చుక్కలు పెట్టాడు. అంతలో గుర్తొచ్చినట్టు కాలితో చెరిపేశాడు.

"పాత ఇంజను ఏం చేశావ్?"

"అక్కడే ఉంది."

"విప్పావా?"

"దాన్ని ముట్టుకోను కూడా లేదు."

బుడే ఊపిరి వదిలాడు. "వస్తా. ఒక షరతు. ప్లేటుకి కొలతలు వెనక మూతి మీద బయటనించే తీస్తా. ఆ ఇంజను మాత్రం విప్పకూడదు. పనయ్యాక తూకానికి వేసెయ్. మాటివ్వు."

"ఏం? లోపల నీ పనితనం బయటపడుతుందనా?"

"అట్లాగే అనుకో," అన్నాడు బుడే.

చెంచయ్య మాటిచ్చాడు. ఎందుకిచ్చాడంటే, ముందు వీణ్ణి గుంటూరు చేర్చాలి. అమ్మ ముందు నిలబెట్టాలి.

* * *

ఆరు రోజులు పని జరిగింది. మనుషులు మాట్లాడుకోలేదు గాని చేతులు మాట్లాడుకున్నాయి. చెంచయ్య చెయ్యి చాపితే అడక్కుండానే పద్నాలుగో నంబరు పానా అందులో పడేది. చైను కప్పీ మీద ఇంజను దిగుతుంటే ఎక్కడ ఆపాలో బుడే గొంతు సవరింపుతోనే తెలిసేది. అట్లా తెలిసిన ప్రతిసారీ చెంచయ్యకి తన మీద తనకే మండేది.

ప్లేటు మాత్రం అద్భుతం. అంగుళం మందం అల్యూమినియం. సున్నం తిని పగుళ్లిచ్చిన చేతులతో బుడే దాన్ని తిప్పుతుంటే పక్క షెడ్డుల వాళ్లు టీ గ్లాసులు పట్టుకుని వచ్చి చూశారు. ఒకవైపు జర్మనీ బోల్టులు, ఒకవైపు జపాను బోల్టులు. తగిలిస్తే సుత్తి దెబ్బ అవసరం లేకుండా టప్‌మని కూర్చుంది.

"వియ్యంకులు కలిశారు," అన్నాడెవడో. బుడే పెదవి చివర నవ్వు మెదిలింది. అప్పుడే గుమ్మంలో నాంచారమ్మ కనపడింది.

చెంచయ్య తల్లి. డెబ్బైకి దగ్గర్లో ఉంది. చెంచయ్యే కబురు పంపాడు. ఒకప్పుడు ఈ బుడేకి ఆవిడ చేత్తో గోంగూర పచ్చడి కలిపి ముద్దలు పెట్టేది. 'నా పెద్దోడికి చిన్నోడికి మధ్యలోవాడు' అనేది. ఈ మూడేళ్లలో ఆవిడ పొద్దున లేచి మొహం కడిగాక మొదట చేసే పని బుడేని తిట్టడం. అన్నం ముందు కూర్చుని తిట్టడం. అట్లా తిట్టాకే నాలుగు ముద్దలు లోపలికి పోయేవి.

"వచ్చావా సచ్చినోడా?" అంది. గొంతు పెద్దగా లేదు. "నా చేతి ముద్ద తిని, నా బిడ్డని మింగావు. నీ చేతులు పడిపోనూ! ఆ చేతులతోనేగా చేశావు!"

బుడే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు, చిన్నపిల్లాడు దెబ్బ తప్పించుకోడానికి పెట్టుకున్నట్టు.

చెంచయ్య అతని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఎన్నిసార్లో మనసులో అనుకున్న మాట. "చెప్పరా. ఇప్పుడు చెప్పు, అమ్మ వింటుంది. ఇరవై ఏళ్లలో వదలనివాడివి, ఆ ఒక్క బోల్టు ఎట్లా వదిలావు?"

బుడే నేల చూశాడు. "మర్చిపోయానమ్మా."

"అంతేనా?"

"అంతే."

నాంచారమ్మ గుప్పెడు మన్ను తీసి అతని మొహాన కొట్టింది. చెంచయ్య బుడే సంచీ తీసి రోడ్డు మీదికి విసిరాడు. "మర్చిపోయాడట! ఫో! మళ్లీ ఈ ఛాయలకి వస్తే కాళ్లు విరగ్గొడతా!"

బుడే సంచీ ఎత్తుకున్నాడు. కంట్లో మన్ను పడి నీళ్లు కారుతున్నాయి. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"కింద ఆయిల్ చాంబర్ తగులుద్ది, ముందు బీముకి. కొత్త రేకు కొట్టి చెయ్. పాత ఇంజను చాంబర్ కొయ్యకు. మాటిచ్చావ్."

* * *

బుడే చెప్పినట్టే అయింది. బెంజి ఇంజను అడుగున ఉండే ఆయిల్ చాంబర్ లోతు ఎక్కువ. కారు ముందు బీముకి తగిలి ఇంజను రెండంగుళాలు లేచి కూర్చుంది. బానెట్ పడటం లేదు.

కొత్త రేకుతో చెయ్యాలంటే నాలుగు రోజులు. పాత జపాను ఇంజను చాంబర్ అయితే ఆ బీముకి సరిపోయే ఆకారంలోనే ఉంది. దాని అడుగు కోసి దీనికి అతికిస్తే ఒక్కరోజు పని. పద్నాలుగో తారీకు దగ్గరికొస్తోంది.

'మాటిచ్చావ్.' ఎవడికిచ్చాను? మర్చిపోయానన్న వాడికి. చెంచయ్య గోతాలు లాగేశాడు. పాత ఇంజన్ని చైను కప్పీతో లేపి తిరగేశాడు. చాంబర్ బోల్టులు పద్దెనిమిది. ఒక్కొక్కటి తీస్తుంటే పంతం కూడా పెరిగింది. లోపల నాలుగో క్యాపు ఉంటుంది. దాని మీద బుడే నిండు చుక్క ఉంటుంది. దాన్ని అమ్మకి చూపిస్తా, నా షెడ్డు గుమ్మానికి మేకు కొట్టి తగిలిస్తా, అనుకున్నాడు.

చాంబర్ ఊడొచ్చింది. గడ్డకట్టిన నల్ల ఆయిలు, ముక్కలైన రాడ్డు, పిస్టను చెక్కలు. చెంచయ్య వేళ్లతో కెలికాడు. మిగిలిన మూడు రాడ్లూ ఇంజనులోనే ఉన్నాయి, మూడింటి మీదా నెలవంక. నాలుగో క్యాపు చాంబర్ అడుగున దొరికింది. వంకరపోయింది గాని విరగలేదు. దాని పక్కనే రెండు నట్లు, మరలు చెడకుండా, కొత్తవాటిలా. అవి తెగినవి కావు. వాటంతట అవే ఊడి జారినవి. పానా పట్టి బిగించిన నట్లు అట్లా ఉండవు.

క్యాపుని కిరసనాయిల్లో ముంచి పాత బ్రష్షుతో రుద్దాడు.

నెలవంక.

ఇంకోసారి రుద్దాడు. వెలుతురులోకి తీసుకెళ్లాడు. తన జేబులో పంచ్ తీసి ఆ గాటులో పెట్టాడు. విరిగిన కొన, విరిగిన గాటు, తాళంచెవి తాళంలో కూర్చున్నట్టు కూర్చున్నాయి.

చెంచయ్య క్యాపుని అదే పాత బల్ల మీద పెట్టాడు.

ఆ రోజు పొద్దుట మొత్తం కళ్ల ముందుకొచ్చింది. సౌజన్యకి నిండు నెలలు. ఏ క్షణాన కబురొస్తుందోనని తొందర. బల్ల మీద నాలుగు క్యాపులు పేర్చాడు. ఠక్, ఠక్, ఠక్, ఠక్. నాలుగింటి మీదా కొట్టేశాడు. తర్వాత ఒక్కొక్కటీ బిగించడం మొదలెట్టాడు. నాలుగోదానికి నట్లు వేళ్లతో తిప్పి పానా తీసుకోబోతుంటే ఫోను.

తర్వాత బుడే వచ్చి చూసుంటాడు. నాలుగు క్యాపులు, నాలుగు నెలవంకలు. చెంచయ్య గుర్తు. చెంచయ్య గుర్తుని మళ్లీ పానా పెట్టి చూడటమంటే చెంచయ్యని అవమానించడం. నమ్మాడు. చాంబర్ మూసేశాడు.

పత్తిచేలో 'గుర్తు లేదుగా దాని మీద' అని తను అరుస్తున్నప్పుడు బుడేకి ఆ గుర్తు కళ్ల ముందు కనపడుతూనే ఉండుంటుంది. తమ్ముడి శవం పక్కన నిలబడ్డ ఆ మనిషితో 'ఉందిరా' అని ఒక్క మాట అనలేకపోయాడు.

* * *

పిడుగురాళ్లలో బట్టీ పక్కన రేకుల ఇల్లు. గుమ్మంలో కూర్చుని బుడే పగిలిన చేతులకి కొబ్బరినూనె రాసుకుంటున్నాడు. చెంచయ్య క్యాపు అతని ముందు పెట్టాడు.

బుడే దాన్ని చూశాడు. కాసేపు దగ్గాడు. తర్వాత తేలిగ్గా అన్నాడు. "అదా? అది నేనే కొట్టా. నీ పంచ్ బల్ల మీద మర్చిపోయి వెళ్లావుగా ఆ రోజు. రేపు ఏదన్నా అయితే నీ మీదకి పోతుందని..."

"నా పంచ్ నా జేబులోనే ఉంది. పాపని మొదటిసారి ఎత్తుకున్నప్పుడు అది గుచ్చుకుని ఏడ్చింది. సౌజన్య ఇప్పటికీ తిడుతుంది."

బుడే నూనె గిన్నె పక్కకి జరిపాడు.

"ఎందుకురా?" అన్నాడు చెంచయ్య. "ఎందుకు మోశావు?"

"నేనైతే మోయగలను. నా తమ్ముడు కాదుగా." బుడే క్యాపుని గుర్తు కనపడకుండా బోర్లించాడు. "ఏటా ఆ పిల్ల పుట్టినరోజు ఎట్లా చేస్తావురా నువ్వు, ఈ సంగతి తెలిస్తే? అది పుట్టిన పూటే..."

చెంచయ్య అతని కాళ్లు పట్టుకోబోయాడు. బుడే ఆ చేతులు విదిలించాడు. మొదటిసారి గట్టిగా అరిచాడు.

"లే! కాళ్లు కాదు, మాట కావాలి నాకు. ఒక మాట తప్పావ్. ఇదన్నా నిలబెట్టు. అమ్మకి చెప్పకు. ఆవిడ నన్ను తిట్టుకుని బతుకుతోంది. బతకనీ. నువ్వు చెప్పావంటే నేను మూడేళ్లు మోసింది రోడ్డు మీద పారబోసినట్టే."

చెంచయ్య తలూపాడు.

బుడే వెనక్కి వచ్చాడు. రేకు కొట్టి చాంబర్ చేశాడు. ఈసారి రెండురోజుల్లోనే అయింది, నాలుగు చేతులు పనిచేశాయి గనక. నాంచారమ్మ కంటపడకుండా అతను పక్క షెడ్డులో కూర్చుని పని చేసి, బండి స్టార్టవ్వకముందే బస్సెక్కేశాడు.

పన్నెండో తారీకు పొద్దున చెంచయ్య తాళం తిప్పాడు. బెంజి ఇంజను ఒక్కసారికే పలికింది. గుండ్రటి, బరువైన చప్పుడు. ఆ కారుకి మునుపున్న సన్నటి కేక కాదు. ఆ కేక కోటేష్‌తో పోయింది. పక్క షెడ్ల వాళ్లు చప్పట్లు కొట్టారు. చెంచయ్య స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.

* * *

ఆ రోజు మధ్యాహ్నం ఇంట్లో నాంచారమ్మ మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. పక్కన తేజశ్రీ తీసిన తొడిమలతో కుప్పలు పెట్టి ఆడుతోంది. చెంచయ్య అన్నం ముందు కూర్చున్నాడు.

"వాడి చేతులు పడిపోనూ," అని మొదలెట్టింది ఆవిడ, రోజూలాగే. "ఆ బుడేగాడు పురుగులు పడి..."

చెంచయ్యకి పగుళ్లిచ్చిన ఆ చేతులు కనపడ్డాయి. కొబ్బరినూనె మెరుపు కనపడింది.

"అమ్మా. ఆపు."

"ఏరా?"

ఆపుదామనుకున్నాడు. నోరు ఆగలేదు. మూడు నిమిషాలు పట్టింది మొత్తం చెప్పడానికి. నాలుగు క్యాపులు, నెలవంక, ఫోను. క్యాపు తీసి తొడిమల పక్కన పెట్టాడు.

నాంచారమ్మ దాన్ని ముట్టుకోలేదు. చేతిలో ఉన్న మిరపకాయ తొడిమ తీసి కాయ ఇటూ తొడిమ అటూ వేసింది. ఇంకోటి తీసింది. చాలా కాయలు అయ్యాక అడిగింది.

"బుడే ఇల్లు ఎక్కడ?"

మర్నాడు పొద్దున ఆవిడ స్టీలు డబ్బా ఒకటి కొంగు చాటున పట్టుకుని బయల్దేరింది. చెంచయ్య ట్రయలుకి తీసిన ఎర్రకారు గుమ్మంలో పెట్టాడు. "నేను తీసుకెళతానమ్మా." ఆవిడ కారుని గాని అతన్ని గాని చూడలేదు. నడుచుకుంటూ బస్టాండుకి వెళ్లింది. చెంచయ్య బస్సు వెనకే నడిపాడు.

పిడుగురాళ్లలో రేకుల ఇంటి ముందు కారు ఆపి, లోపలికి వెళ్లే ధైర్యం చాలక గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపల జరిగేది కనపడుతోంది.

నాంచారమ్మ డబ్బా మూత తీసింది. గోంగూర పచ్చడి కలిపిన అన్నం. బుడే చేతులు రెండూ తన ఒళ్లోకి లాక్కుంది. పగుళ్లు చూసింది. ఒక్కో పగులు మీదా వేలు పెట్టి చూసింది. ముద్ద చేసి అతని నోటికి పెట్టింది. బుడే నమలలేక ఏడుస్తున్నాడు.

"అమ్మా, చెంచయ్య బయటే ఉన్నాడు," అన్నాడు. "పిలువమ్మా. వాడేం కావాలని చెయ్యలేదు."

"తెలుసు."

"నన్ను అన్నన్ని తిట్లు తిట్టావుగా. వాణ్ణీ నాలుగు తిట్టు. తిట్టి లోపలికి పిలు."

నాంచారమ్మ డబ్బాలోకి చెయ్యి పెట్టింది. ఇంకో ముద్ద కలిపింది.

"నిన్నైతే తిట్టగలిగానురా," అంది. "వాణ్ణి ఎట్లా తిట్టను? ఒక కొడుకు ఇంకో కొడుకుని... నోరు రావట్లేదు. తిట్టకుండా వాడి మొహం చూడలేను. తిట్టలేను. ఇంకేం పిలవను?"

బుడే గుమ్మం వైపు చూశాడు. చెంచయ్య విన్నాడని అతనికి తెలిసింది. కోపం లేదు ఆ చూపులో. మోస్తున్న బరువు చేజారి ఎదుటివాడి కాలి మీద పడితే చూసే చూపు.

మధ్యాహ్నం రెండుగంటల గుంటూరు బస్సుకి ఆవిడ బయల్దేరింది. బుడే ఎక్కించాడు. కిటికీ పక్కన కూర్చోబెట్టి, కండక్టరుకి చెప్పి, కిందికి దిగాడు. కారు దగ్గరికి వచ్చి బానెట్ మీద చెయ్యి వేసి ఇంజను చప్పుడు కాసేపు విన్నాడు.

"బాగా కుదిరింది," అన్నాడు.

"కుదిరింది," అన్నాడు చెంచయ్య.

"వెనకే పో. కంటికి కనపడుతూ ఉండు. ఏదో ఒక రోజు తిడుతుంది."

బస్సు కదిలింది. జపాను వాళ్లు పరుగు కోసం చేసిన కారు, జర్మనీ వాళ్లు బలం కోసం చేసిన ఇంజను, సత్తెనపల్లి రోడ్డు మీద ఎర్రబస్సు వెనక రెండో గేరులో నడిచాయి. కళ్లాల్లో ఎండబోసిన మిరపకాయల మీదుగా ఘాటు లోపలికి కొడుతోంది. వెనక వచ్చే లారీలు హారన్లు కొట్టి, తిట్టి, దాటిపోతున్నాయి. బస్సు ఆగిన చోటల్లా చెంచయ్య ఆగాడు. కిటికీలో అమ్మ తెల్లటి ముడి కనపడుతోంది. సత్తెనపల్లిలో ఆగినప్పుడు అది కొంచెం, తన వైపు తిరగబోయినట్టు, కదిలింది. చెంచయ్య స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు.

ఆవిడ కిటికీ అద్దం వేసుకుంది. బస్సు మళ్లీ బయల్దేరింది.